దసరా నాడు పోసిన నూనె

మా బాపుది జనగామలో లేత్ షాపు. ట్రాక్టర్ షాఫ్టులు, బోరు మోటార్ల బుష్షులు, వరికోత మిషన్ల పిన్నులు, చుట్టుపక్కల ఊళ్లలో ఏది అరిగినా చివరికి ఆయన దగ్గరికే వస్తుంది. ఇనుము విషయంలో ఆయనకు ఒకటే పట్టింపు. అది ఎండుగా ఉండకూడదు. "మనిషికి నీళ్లు, ఇనుముకు నూనె" అంటూ ఎప్పుడూ నూనె డబ్బా చేతిలో పట్టుకునే తిరుగుతాడు. మా ఇంట్లో తలుపు కిర్రుమన్న సందర్భం నాకు గుర్తు లేదు.

దసరా నాడు ఆయన హడావుడి చూడాలి. పానాలు, డ్రిల్లు బిట్లు, మైక్రోమీటరు, వెర్నియర్, అన్నీ కడిగి తుడిచి, కొత్త గుడ్డ మీద వరసగా పేరుస్తాడు. ఒక్కోదానికి నూనె, పసుపు, కుంకుమ. నేను పాలిటెక్నిక్‌లో చేరిన ఏడాది నా సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ను కూడా ఆ వరసలో పెట్టాడు. నూనె మాత్రం పోయలేదు. దాంట్లో ఇనుము లేదని నేను ఒట్టు వేస్తే ఊరుకున్నాడు.

కిందటేడు దసరాకు ఆ వరసలో మా చెల్లె రైఫిల్ కూడా ఉంది.

చెల్లె మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతూ అక్కడే హాస్టల్లో ఉండేది. ఫౌజు నుంచి రిటైరై వచ్చిన ఒక సారు, తొర్రూరు వైపు మనిషి, ఖాళీ పడిన బియ్యం గోదాములో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజి పెట్టారు. చెల్లె సరదాకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. చలికాలంలో రాష్ట్ర ఎంపిక పోటీలున్నాయి. అందులో నెగ్గితే దేశస్థాయికి వెళ్తుంది. ఆమె జీవితంలో అంత గట్టిగా కోరుకున్నది ఇంకోటి లేదు. సెలవుల్లో కూడా రైఫిల్ ఇంటికి తెచ్చుకుని, గుండు పెట్టకుండా, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట గోడకేసి పట్టుకుని నిలబడేది. మా అమ్మ ఆ గోడ పక్క నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా వంగి వెళ్లేది.

"దాంట్ల గుండు లేదే అమ్మా."

"లేకుంటే మంచిదే. గని ఎవలతోటి మాట్లాడినా చెవులు చూసుకుంట మాట్లాడుతున్నవేందే ఈ మధ్య? కమ్మలు కావాల్నా?"

"నీ కమ్మలు మంచిగున్నయ్, గందుకే."

అందరం నవ్వాం.

పండుగ నాడు నేను జమ్మి ఆకు కోసం వెళ్లాను. అమ్మా చెల్లే బతుకమ్మ నాటి పూల చెత్త ఊడుస్తున్నారు. షాపులో బాపు ఒక్కడే ఉన్నాడు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో తర్వాత పది రోజులకు ఫోనులో తెలిసింది.

నేనప్పుడు భూపాలపల్లిలో, కరెంటు ప్లాంటు మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ఇప్పటికీ అక్కడే. పంపు ఊగితే ఎందుకు ఊగుతోందో కనిపెట్టడం నా పని. సాధ్యమైన కారణాలన్నీ మనసులో వరసగా పెట్టుకుని, సులువైనదాన్ని ముందు, కష్టమైనదాన్ని వెనక పరీక్షిస్తూ పోతాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, నా గన్ను సోయిల లేదు. గుండ్లు ఎటువడితే అటు పోతున్నయ్."

"ఒకే దిక్కుకు పోతున్నయా, చెదురుతున్నయా?"

"చెదురుతున్నయ్. ఇంకోటి. గొట్టంలకెల్లి నూనె వాసన వస్తున్నది."

చెల్లె లైనులో ఉండగానే బాపుకు ఫోన్ కలిపాను.

"ఔ, నేనే పోసిన" అన్నాడు, మెచ్చుకుంటామనుకుని. "రెండు దిక్కులకెల్లి పోసిన. లేత్ నూనె గాదురా, కుట్టు మిషన్‌ది, మంచిది. లోపలంత ఎండుగ ఉండె." మెప్పు రాకపోయేసరికి గొంతు తగ్గించాడు. "తప్పా?"

తప్పే. కానీ అది ఆయన కావాలని చేసిన తప్పు కాదు, చేయకుండా ఉండలేని తప్పు. నలభై ఏళ్లుగా ఏ ఇనుప రంధ్రాన్నీ ఆయన ఎండుగా వదల్లేదు.

ఎయిర్ రైఫిల్ గొట్టం లోపల సన్నని గాడులు మెలి తిరిగి ఉంటాయి. మెత్తని సీసంతో చేసిన గుండు ఆ గాడుల్లో ఒరుసుకుంటూ, గాలి తోస్తుంటే, బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ తిరగడం వల్లే తిన్నగా పోతుంది. మంచి గొట్టం మూతి దగ్గర వెంట్రుకంత బిగుతుగా ఉంటుంది. చివరి క్షణంలో ప్రతి గుండునూ ఒకే కొలతకు నొక్కి పంపడానికి. గొట్టం చేయాల్సిన పని అదొక్కటే, ప్రతి గుండుకూ ఒకే మర్యాద చేయడం. లోపల నూనె ఉంటే ఒక గుండు జారుతుంది, ఒకటి పట్టుకుంటుంది, వేగాలు మారిపోతాయి. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క ఆవగింజ కన్నా చిన్నది. అక్కడ ఆ తేడా చాలు.

ఆదివారం హనుమకొండ బస్సెక్కి, కాజీపేటలో రైలు పట్టుకుని మహబూబాబాద్ వెళ్లాను. గోదాములో ఇంకా తవుడు వాసన పోలేదు. సారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నువ్వేనా ఇంజినీరువు? మీ బాపు పూజ జేసిండట గద. కొబ్బరికాయ గొట్టం మీద కొట్టలేదు, అదృష్టం."

"కొట్టేటోడే సార్, మా అమ్మ ఆపింది" అంది చెల్లె.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా చెల్లెది ఎడమచేతి వాటం. ఆ రైఫిల్ ఎడమచేతి వాళ్లకోసం చేసింది. ఆట మానేసిన ఒకాయన దగ్గర సారే వెతికి ఇప్పించారు. రేంజిలో ఇంకెవరిదీ ఆ వాటం కాదు, ఆమె బదులు దాన్ని సరిగ్గా కాల్చి చూసేవాళ్లు లేరు. సారు దాన్ని కుడి భుజానికి ఆనించి నాలుగు గుండ్లు కాల్చి చూశారట. అవీ చెదిరాయి. "గొట్టందే" అని తేల్చారు. అందరికీ అది సబబుగానే తోచింది. నాక్కూడా.

ఉన్ని గుళికలు ఒకదాని వెనక ఒకటి గొట్టంలోకి తోశాను. మొదటివి పచ్చగా తడిసి వచ్చాయి, తర్వాతవి బూడిదరంగులో, చివరివి పొడిగా. శుభ్రం చేసిన గొట్టంలో గాడులకు మళ్లీ సన్నని సీసం పూత పట్టేదాకా గుండ్లు కుదురుకోవు. అందుకే చెల్లె ఊరికే కాలుస్తూ పోయింది. నేను టార్గెట్ కాగితాలు మార్చుతూ పోయాను. సాయంత్రానికి కాస్త నయమనిపించింది. రైలెక్కేముందు బాపు ఫోను.

"పోయిందారా నూనె?"

"పోయింది బాపూ."

మూడు రోజులకు చెల్లె మళ్లీ చెప్పింది, చెదురుతున్నాయని.

ఆ తర్వాత నేను ప్రతి సెలవుకూ మహబూబాబాద్ వెళ్లాను. గొట్టం మూతి అంచు చుట్టూ దూది పుల్ల తిప్పి చూశాను. ఎక్కడైనా గీత పడితే దూది పోగు చిక్కుకుంటుంది. చిక్కుకోలేదు. ఒక గుండును వెనక నుంచి పుల్లతో నెమ్మదిగా తోస్తూ వేళ్లతో తెలుసుకున్నాను. పొడుగునా ఒకే బిగువుగా వచ్చి, మూతి దగ్గర కొంచెం ఆగి, దాటింది. ఉండాల్సింది అలాగే. గుండ్ల తల కొలత ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ వెంట్రుకలో వంతు తేడా ఉంటుంది. కొన్ని గొట్టాలకు ఒకటి నచ్చితే ఇంకోటి నచ్చదు. దొరికిన రకాలన్నీ తెప్పించాను. గొట్టాన్ని చట్రానికి పట్టి ఉంచే మరలు విప్పి, ఒకే బలంతో మళ్లీ బిగించాను.

"అన్నా, నువ్వు గన్నుకు పెండ్లిచూపులు చూస్తున్నట్టున్నవ్" అంది చెల్లె. "ముక్కు మంచిగున్నదా, పండ్లు మంచిగున్నయా అని."

"అన్నీ మంచిగున్నయ్. గదే సమజైతలేదు."

"గొట్టం ముందటి గురి రింగుల అద్దం మార్చినవా? నల్లచుక్క ఊదుకపోయినట్టు కొడ్తున్నది."

మార్చాను. గురి కోసం కన్ను ఆనించే వెనక సన్నని రంధ్రాన్ని తుడిచాను. గోదాములో లైట్లు వేరేవి పెట్టించాను. ప్రతిసారీ ఒకటి రెండు రోజులు నయమనిపించేది. కొత్తది ఏది పెట్టినా మనిషికి కాస్త ఆశ పుడుతుంది, ఆశతో కాస్త మంచిగా నిలబడుతుంది. అంతే అయి ఉంటుంది.

ఇటు బాపు పాడైపోయాడు. నూనె డబ్బాను షాపు మూలన పెట్టేశాడని అమ్మ చెప్పింది. మిషన్‌కు పాత బ్రష్‌తో, కొలిచినట్టు, చుక్క చుక్క రాస్తున్నాడట. వారానికి రెండుసార్లు నాకు ఫోన్. పలకరింపు ఉండదు, "పోయిందారా?" అనే మొదలు. లోపలి ఇనుము నూనె పీల్చుకుని ఉంటుందేమో, వేడి చేస్తే వస్తుందేమో అనేవాడు. ఇనుము నూనె పీల్చదని నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక మిగిలింది ఒకటే. రైఫిల్‌ను కదలకుండా బిగించి కాల్చడం. అప్పుడు మనిషి లెక్కలోకి రాడు, గొట్టం ఒక్కటే తేలుతుంది. బెంచి వైసు దవడల మధ్య బిగిస్తే గొట్టం వంగుతుందని సారు భయపెట్టారు. దానికోసం రైఫిల్ ఒదిగి కూర్చునే ఒక కర్ర తొట్టి కావాలి. బాపుకు చెప్పాను. పోటీలకు ఇంకా మూడు వారాలు.

ఆయన ఆ వారమంతా ఇంకో పని ముట్టుకోలేదు. చింతకర్రను రైఫిల్ ఒంపుకు సరిగ్గా తొలిచి, లోపల కంబళి ముక్కలు అతికించి, లేత్ మిషన్ బెడ్డు మీద బిగించాడు. ఆ మిషన్ బరువుకు లారీ గుద్దినా రైఫిల్ కదలదు. షాపు వెనక గది తలుపు తీస్తే గోడ దాకా పది మీటర్లు వచ్చింది. గోడకు ఇసుక సంచులు పేర్చి ముందర కాగితం అంటించాం. చెల్లె పొద్దున రైలుకు వచ్చింది.

"గురి చూసుడు లేదు" అన్నాను. "గుండు పెట్టు, ఒత్తు. అంతే."

"కండ్లు మూసుకోని ఒత్తాల్నా?"

"మూసుకున్నా ఒకటే."

ఆమె నిజంగానే మూసుకుంది. ఒత్తింది. మళ్లీ గుండు, మళ్లీ ఒత్తడం. పది గుండ్లు. షాపులో చప్పట్లంత చప్పుడు. అయిపోగానే బాపు కాగితం దగ్గరికి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు ముఖం మాడిపోయి ఉంది.

"ఒక్కటే తాకిందిరా. తొమ్మిది ఏడవోయినయో."

కాగితం అందుకున్నాను. ఒకే రంధ్రం. అంచులు కొంచెం నలిగి, ఒక గుండు పట్టేదానికంటే కంటికి ఆనీ ఆననంత మాత్రమే పెద్దగా ఉంది. వెనక సంచిలో ఒకే చోట సీసం ముద్ద అయి ఉంది.

"ఎటూ పోలేదు బాపూ. అన్నీ గదే సందుల్నుంచి పోయినయ్."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. తర్వాత నవ్వాడు. దసరా తర్వాత ఆ నవ్వు చూడడం అదే మొదటిసారి. మసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అంటే గొట్టం మంచిగున్నది. నా నూనె ఏం జెయ్యలేదు. గంతేనా?"

"గంతే."

"ఏదీ అన్నా, ఇటియ్యి" అంది చెల్లె.

కాగితాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. కొంచెం దూరం జరిపింది. తర్వాత తలను మెల్లగా కుడికి తిప్పింది, కాగితం వదిలేసి గోడ మీది క్యాలెండర్ చూస్తున్నట్టు. అలా పక్కకు చూస్తూనే వేలితో రంధ్రాన్ని తడిమింది.

"ఆఁ, ఉన్నది" అంది.

నాకు అమ్మ కమ్మల మాట గుర్తొచ్చింది. చెవులు చూస్తూ మాట్లాడడం. చెవులు కాదు, ముఖం కనబడాలంటే ఆమె చెవుల వైపు చూడాలి.

ఎప్పటి నుంచి అని అడిగాను.

"ఎండకాలం నుంచి. సీదా చూస్తే నడుమల మసక. పక్కకు చూస్తే కనబడ్తది. అద్దానికి దుమ్మనుకున్న. తుడుసుకుంట ఉన్న." కాగితాన్ని మడిచింది. "దసరంక గొట్టంల నూనె దొరికింది గద. అప్పుడు నాకు మస్తు మంచిగనిపించింది అన్నా. ఇగ నూనెదే అనుకున్న."

బాపు ఆ మాట విన్నాడు. ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడ దాచాలో తెలియనట్టు అలాగే ఉంది.

"ఇంకోసారి కాల్చురి" అన్నాడు.

కాల్చాం. అదే రంధ్రం.

"ఇది లెక్క గాదు. గింత గట్టిగ వడితె ఎసొంటి గొట్టమన్న గట్లనే కొడ్తది."

"కొట్టది బాపూ."

"నీకు తెల్వదు. లోపట నూనె ఉంటది. నేను మస్తు పోసిన. రెండు దిక్కులకెల్లి పోసిన." నా మోచేయి పట్టుకున్నాడు. "నూనె తోటే అయిందని అనురా. ఒక్కసారి అను."

నేను అనలేకపోయాను. కాగితం ఆమె చేతిలోనే ఉంది.

ముందు హనుమకొండ, తర్వాత హైదరాబాదు దవాఖాన. డాక్టరమ్మ మంచిది, తొందరపడకుండా చెప్పింది. కంటి వెనక పొరలో సరిగ్గా నడిమి భాగం ఎండిపోతోంది. రెండు కళ్లలోనూ, ఎడమది ఎక్కువ. పుట్టుకతో వచ్చిన గుణం, ఈ వయసులోనే బయటపడుతుంది. అంచుల చూపు ఉంటుంది, నడుస్తుంది, పనులు చేసుకుంటుంది. నడిమి చూపు మాత్రం తిరిగి రాదు, మందు లేదు. బాపు మొత్తం విని ఒకటే అడిగాడు, నూనె ఆవిరి కళ్లకు తగిలితే ఇట్లా అవుతుందా అని. కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆయన మళ్లీ అడిగాడు.

పోటీలు వచ్చాయి, పోయాయి. చూపు లేనివాళ్లకు చప్పుడును బట్టి గురి పెట్టే పోటీలు వేరే ఉంటాయని సారు చెప్పారు. నేను కూడా చదివి చూశాను, నిజమే, ఉన్నాయి. "ఇప్పుడు వద్దు సార్" అంది చెల్లె. సారు రెండోసారి అడగలేదు. ఆమె రైఫిల్‌ను పెట్టెలో పెట్టుకుని జనగామ వచ్చేసింది.

షాపుకు వచ్చేవాళ్లు అడుగుతారు గదా. బిడ్డ తుపాకి ఆట ఏమైంది, పేపర్ల ఫోటో ఎప్పుడు వస్తది అని. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి హార్వెస్టర్ పిన్ను తెచ్చిన ఒకాయన నా ముందే అడిగాడు.

"ఏం ఆట? నేనే ఖరాబు చేసిన" అన్నాడు బాపు, మిషన్ ఆపకుండా. "దసరా నాడు గొట్టంల నూనె పోసిన. గన్ను పనికిరాకుంట పోయింది."

"గంత తెల్వదా ఓరి నీకు? గిన్నేండ్ల మిస్త్రీవి."

"తెల్వలే."

ఆయన వచ్చినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాడని అమ్మ అంది. అందరూ తిట్టిపోతారు, నవ్విపోతారు. చెల్లె కళ్ల గురించి ఎవరూ అడగరు. సాంకేతికంగా ఆయన చెప్పేదాంట్లో నూనె పోసిన మాట తప్ప ఏదీ నిజం కాదు. ఆ గొట్టం అంత మంచిది నేను మళ్లీ చూడలేదు. ఘన్‌పూర్ ఆయనకు ఆ సంగతి చెప్పకుండా పిన్ను కొలత రాసుకున్నాను.

మొన్నటి దసరాకు బాపు ఎప్పటిలాగే కొత్త గుడ్డ పరిచాడు. పానాలు, బిట్లు, మైక్రోమీటరు. చెల్లె లోపలికి పోయి పెట్టె తెచ్చి, రైఫిల్ తీసి, వరస చివర తనే పెట్టింది. బాపు ఒక్కోదానికి బ్రష్‌తో నూనె రాస్తూ, పసుపు పెడుతూ వచ్చాడు. రైఫిల్ దగ్గరికి వచ్చి పసుపు, కుంకుమ పెట్టి లేవబోయాడు.

"నూనె?" అంది చెల్లె.

"వద్దు బిడ్డా. దానికి నూనె పొయ్యొద్దు."

"కాల్చేటప్పుడు పొయ్యొద్దు. ఊకె పెడితే పొయ్యాలె, లేకుంటే తుప్పు పడ్తది." నా వైపు తిరిగింది, నా చెవి వైపు చూస్తూ. "గంతేనా అన్నా?"

గంతే. వాడే గొట్టానికి నూనె పనికిరాదు. వాడకుండా దాచే గొట్టానికి కావాలి. నేను తలూపాను. తర్వాత, తలూపితే ఆమెకు తెలుస్తుందో లేదోనని, "ఔ" అన్నాను.

"ఎవలకన్న ఇద్దాం తియ్యి" అన్నాడు బాపు. "వాటం కుదిరినోళ్లు దొరుకుతరు. వాళ్లు కాలుస్తరు."

"ఇద్దాం. ఈ యేడు కాదు."

బాపు కదల్లేదు. నేనే మూల నుంచి ఆ పాత డబ్బా తెచ్చాను. ఏడాదిగా పైన దుమ్ము పట్టి ఉంది. ఆయన చేతిలో పెట్టాను. పట్టుకున్నాడు, కానీ చెయ్యి లేవలేదు. కాసేపటికి చెల్లె ఆయన వేళ్లలోంచి డబ్బా తీసుకుని గుడ్డ ముందు కూర్చుంది. తల కొంచెం కుడికి తిప్పి, గొట్టం మూతి ఎక్కడుందో వేలితో చూసుకుని, డబ్బా ముక్కు అక్కడ ఆనించి ఒత్తింది. తర్వాత రైఫిల్‌ను తిప్పి, వెనక వైపు నుంచి కూడా పోసింది.